ఉయ్యూరు దగ్గర ఆగిన బస్సు

తిరుపతిరావు మాష్టారికి ఏ వస్తువును చూసినా అందులో ఒక సైన్సు సూత్రం, దాని వెనకే ఒక నీతి కనబడతాయి. కుక్కర్ కూత వేస్తే, మనసులో ఆవిరిని ఎక్కువసేపు బిగబట్టుకోకూడదంటారు. పాలు తోడుపెడుతుంటే, మంచిమాటైనా గోరువెచ్చగా చెబితేనే తోడుకుంటుందంటారు. ఫిజిక్సు టీచరుగా రిటైరై విజయవాడలో స్థిరపడ్డా ఆ అలవాటు పోలేదు. ఏ స్కూలువాళ్లు పిలిచినా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరతారు.

అన్నిట్లోకీ ఆయనకిష్టమైన పాఠం జడత్వం. దానికి ఉదాహరణ ఆయన భార్య మాణిక్యమ్మ.

మొన్న ఫిబ్రవరిలో గుణదలలో ఒక బడివాళ్లు పిలిచారు. అటునుంచటే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలని మాణిక్యమ్మ కూడా వెంట వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. ఇన్నేళ్లలో ఆయన పాఠం ఆవిడ వినడం అదే మొదటిసారి.

"పెళ్లయిన కొత్తలో పామర్రు నుంచి బెజవాడ వస్తున్నాం," మొదలుపెట్టారు మాష్టారు. "మా ఆవిడ ఒళ్లో ఆవకాయ జాడీ. ఉయ్యూరు దగ్గర చెరుకుబండి అడ్డమొచ్చి డ్రైవరు బ్రేకు కొట్టాడు. బస్సు ఆగింది, ఆవిడ ఆగలేదు! ముందుకు తూలిపోయింది. అదే జడత్వం. పుట్టింటి అలవాట్లూ అంతే. మనిషి ఒక్కసారిగా మారలేడు. మనమే ఓపిక పట్టాలి. నేను పట్టాను."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు వరసలోంచి అక్షయ లేచింది. మాష్టారు వాళ్ల అపార్ట్‌మెంట్‌లోనే ఉంటుంది ఆ పిల్ల.

"మామ్మగారూ, మీకు దెబ్బ తగిలిందా?"

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. మాణిక్యమ్మ కొంగు సర్దుకుంది.

"నేను తూలలేదమ్మా. అప్పటికే జాడీ పట్టుకుని లేచి నిలబడ్డాను, బస్సు దిగిపోదామని."

"దిగిపోదామనా?" మాష్టారి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

"మరేం చెయ్యనండీ? పామర్రులో ఎక్కిన దగ్గర్నుంచీ చక్రాలు ఎందుకు అరుగుతాయో కండక్టరుకు చెబుతూనే ఉన్నారు. పక్కనున్న నాతో ఒక్క మాట లేదు. ఈ మనిషితో నా వల్ల కాదు, ఉయ్యూరులో దిగి ఎదురు బస్సెక్కి మా అమ్మ దగ్గరికి వెళ్లిపోదామనుకున్నా."

బడంతా ఘొల్లుమంది. మాష్టారు మాత్రం నవ్వలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"మరి ఎందుకు దిగలేదు?" అంది అక్షయ.

"బ్రేకు పడగానే చేతిలోంచి జాడీ జారింది. మాష్టారుగారు రెండు చేతులా పట్టేసుకున్నారు. నూనంతా కొత్త ప్యాంటు మీదికి కారింది. విసుక్కోలేదు. జాడీ వంక చూడనైనా లేదు. 'నీకేమన్నా తగిలిందా?' అన్నారు." మాణిక్యమ్మ గొంతు మెత్తబడింది. "ఆ రోజు నాతో ఆడిన మొదటి మాట అదే. ఇంకేం దిగుతాను, కూర్చుండిపోయాను."

ఆ మాట అన్నట్టు మాష్టారికి గుర్తే లేదు. బ్రేకు, చెరుకుబండి, కారిన నూనె అన్నీ గుర్తున్నాయి. అసలు సంగతే పోయింది.

సుద్దముక్క బల్లమీద పెట్టి, "పిల్లలూ, నా పాఠంలో తప్పుంది," అన్నారు. "జడత్వం నిజమే, ఉదాహరణే తప్పు. పక్కనే ఉన్న మనిషిని ఒక్కసారైనా అడక్కుండా ఇన్నేళ్లూ సిద్ధాంతం చెప్పాను. మీరెవరూ అలా చెయ్యకండి."

బయటికొచ్చి ఆటో ఎక్కారు. దారిలో ఫ్లైఓవరు వంపు దగ్గర ఇద్దరూ ఒక పక్కకి ఒరిగారు. ఎందుకొరుగుతామో చెప్పబోయి మాష్టారు మానుకున్నారు.

"మాణిక్యం, ఆ తర్వాత ఉయ్యూరు నుంచి బెజవాడ దాకా ఏం మాట్లాడుకున్నాం మనం?"

"అబ్బో, ఇప్పుడడిగారా!" అంటూ ఆవిడ ఆయన వైపు జరిగి కూర్చుని చెప్పసాగింది.