చిన్నతల్లి అడిగింది న్యాయం కాదు

మా మేనత్త చిన్నతల్లికి క్షమించడం చేతకాదని ఊళ్ళో అందరూ అనేవారు. చేతకాక కాదు, ఆమెకు ఇష్టం లేదు. నాకూ లేదు.

ఇది పందొమ్మిది వందల పది ప్రాంతపు సంగతి. సంతబొమ్మాళి తీరంలో మా పల్లె. ఆమె మొగుడు పోలయ్యా, అతనికి వరసకు తమ్ముడైన ఎల్లాజీ ఒకే తెప్ప మీద వేటకు వెళ్ళేవారు. ఒకనాడు గాలి లేచి పోలయ్య నీళ్ళలో పడిపోయాడు. ఎల్లాజీ మాత్రం నిండు వలతో ఒడ్డుకొచ్చి, పిలుపేమీ వినపడలేదన్నాడు. చిన్నతల్లి నమ్మలేదు. కులపెద్దలు నమ్మారు. తోడువాణ్ణి పోగొట్టుకొచ్చిన దోషానికని అతని చేత గంగమ్మకు ఒక మేకను కోయించి, న్యాయం అయిపోయిందన్నారు. ఆ మాంసం సిగ్గులేకుండా అందరూ తిన్నారు.

చిన్నతల్లి ఎండుచేపల గంపతో టెక్కలి వెళ్ళేది. అక్కడి బంగళాలో ఒక తెల్లదొర గ్రీకు సువార్తను ముందు పెట్టుకుని తెలుగు తర్జుమా సరిచూస్తుండేవాడు. అందులో ఒక విధవరాలు న్యాయాధిపతి గుమ్మానికి పదేపదే వెళ్ళి, అతను విసిగి ఒప్పుకునేదాకా వదలదు. ఆమె అడిగిన గ్రీకు మాటను న్యాయం తీర్చమనీ అనవచ్చు, పగ తీర్చమనీ అనవచ్చు. ఏది రాయాలో దొరకు తేలలేదు. గంప దించిన మా మేనత్తకు కథ చెప్పి, “నీవైతే ఏమని అడుగుదువు?” అన్నాడు.

“నాయవేటి దొరబాబూ! నాయం పేరు సెప్పి మా ఊరోళ్ళు మేకని తినీసినారు. ఆయమ్మడిగింది పగే. నేకపోతే రోజూ ఎందుకెల్తాది?”

పగను దేవుడికి వదిలేయాలనీ, కథ ప్రార్థన గురించనీ దొర నచ్చజెప్పాడు. ‘న్యాయము’ అనే రాసుకున్నాడు. ఆమె చెవికెక్కింది మాత్రం రోజూ వెళ్ళడం ఒక్కటే.

మాలో వేటకు దిగేవేళ విధవ ఎదురైతే తెప్ప దించరు. అందుకే మొగుడు పోయిన ఆడది ఆ వేళకు తలుపేసుకుని ఇంట్లో ఉండాలి. చిన్నతల్లి ఉండలేదు. మిగతావాళ్ళు వెళ్ళేదాకా పాకచాటున నిలబడి, ఎల్లాజీ వంతు రాగానే బోసి నుదురుతో వచ్చి అతని తెప్ప ముందు కూర్చుంది. అతను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమెను ముట్టుకుంటే ఇంకా అరిష్టమని ఎవరూ లాగలేదు. ఆ రోజూ అంతే, మర్నాడూ అంతే.

కొన్నాళ్ళకు అతనితో వేటకొచ్చేవాడే లేకపోయాడు. ఇంట్లో పొయ్యి వెలగడం మానేసింది. చివరికి ఎల్లాజీ ఊరందరి ముందూ ఆమె కాళ్ళ మీద పడ్డాడు.

“అన్న పిలిసినాడొదినా. ఇనపడింది. ఎనక్కి తిరిగితే వల పోతాదని తిరగనేదు.”

ఒడ్డునున్న ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. కులపెద్ద ఇసుకలో చూపు పెట్టి, “తప్పొప్పుకున్నాడు కదమ్మా. ఇంక నాయం అయిపోనాది, ఇంటికెల్లు” అన్నాడు.

“నాయం అయిపోనాది” అంది చిన్నతల్లి. లేచి ఇంటికి వెళ్ళింది.

మర్నాడు వేకువన ఎల్లాజీ ధైర్యం చేసి తెప్ప దించబోయాడు. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. అతను చచ్చేదాకా రోజూ కూర్చుంది.