మందు గది వేరే, పెట్టెల గది వేరే

బృంద ఏం పని చేస్తుందని తమిళనాడు కోవిల్‌పట్టిలో ఆమె ఉండే తెలుగువాళ్ల వీధిలో అడిగితే తలా ఒకటి చెబుతారు. ఎదురింటి లక్ష్మణసామి తాత అయితే ఆమె కరెంటు ఆఫీసులో ఉందని పదేళ్లుగా గట్టిగా నమ్ముతున్నాడు. కరెంటు పోయినప్పుడల్లా వచ్చి తలుపు కొడతాడు. మొదట్లో బృంద కాదని చెప్పేది. తరవాత ఓపిక నశించి, "వస్తాది తాతా, కూసో" అనడం నేర్చుకుంది. కాసేపటికి కరెంటు వచ్చేది. తాత నమ్మకం ఇంకాస్త బలపడేది.

నిజానికి ఆమె రోజూ పొద్దున బస్సెక్కి విరుదునగర్ పోతుంది. అక్కడ నూనె వర్తకులకూ పప్పు మిల్లులకూ సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే చిన్న కంపెనీ ఒకటుంది, ఒక బేకరీ మేడమీద. మిగతావాళ్లు ప్రోగ్రాములు రాస్తారు. రాసినదాన్ని క్లౌడులో నిలబెట్టి, జనం ఫోనులో తెరుచుకునేట్టు చేయడం బృంద పని. క్లౌడంటే మబ్బుల్లో ఏమీ ఉండదు. ఎక్కడో ఏసీ గోడౌనుల్లో వేల కంప్యూటర్లుంటాయి, వాటిలో మనకు కావలసినంత అద్దెకు తీసుకుంటాం, అంతే. ఆమె నిలబెట్టేవన్నీ చిన్నవి, రెండంతస్తుల అప్లికేషన్లు. ముందు యంత్రంలో పేజీ ఉంటుంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. వెనక యంత్రంలో డేటాబేస్, అంటే అసలు జాబితా ఉంటుంది. దానికి వీధివైపు తలుపు ఉండదు. ముందు యంత్రం అడిగితేనే పలుకుతుంది.

ముప్పై నాలుగేళ్ల మనిషి, నెమ్మదస్తురాలు. ఒక్క విషయంలో మాత్రం మొండిది. పేజీనీ జాబితానీ ఒకే యంత్రంలో పెట్టమంటే చస్తే ఒప్పుకోదు. "ఇంత చిన్నదానికి రెండెందుకమ్మా, ఒకదాంట్లో సర్దెయ్" అని యజమాని వసంతకుమార్ ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. అలా సర్దేసేవాళ్లు లోకంలో బోలెడుమంది, వాళ్ల పేజీలు కూడా నడుస్తూనే ఉంటాయి. "కుదరదు సార్" అనేది బృంద. ఎందుకు కుదరదో చెప్పేది కాదు. చెబితే నవ్వుతాడని ఆమెకు తెలుసు.

కారణం తీపెట్టి ఆఫీసు. అగ్గిపెట్టెలు చేసే చోటును కోవిల్‌పట్టిలో అలాగే అంటారు, అక్కడ కుర్చీ బల్లా ఉన్నా లేకపోయినా. బృంద తల్లి పాపమ్మాళ్ పన్నెండో ఏట నుంచి యాభై అయిదో ఏటి దాకా అలాంటి ఆఫీసుల్లో పెట్టెలు నింపింది. పుల్లల తలకు అంటించే మందు కలిపేది వేరే గదిలో. బృంద చిన్నప్పుడు మధ్యాహ్నం తల్లికి సద్ది తీసుకుపోతే గేటు దగ్గరే ఆపేసి పాపమ్మాళ్ ఒకే పాఠం చెప్పేది. "మందు గది వేరే, పెట్టెల గది వేరే. నడుమ బయలు ఉండాల. ఒకటి అంటుకున్నా ఇంకొకటి మిగలాల. తెలిసెనా?" ఆరేళ్ల పిల్లకు అదంతా ఎందుకని ఎవరైనా అనుకోవచ్చు. ఇంట్లో కిరసనాయిలు డబ్బా కట్టెల పక్కన కనిపించినా ఆవిడ వీధి అదిరేట్టు అరిచేది. బృందకు ఆ మాట ఎముకల్లోకి దిగిపోయింది. ఇంజనీరింగు కాలేజీలో రెండంతస్తుల అప్లికేషన్ బొమ్మ బోర్డు మీద వేసినప్పుడు క్లాసులో అందరికంటే ముందు ఆమెకే అర్థమైంది.

పాపమ్మాళ్‌కు ఇంకో అలవాటుంది. పొద్దున కాఫీ కాగానే దువ్వెన, కొబ్బరినూనె సీసా తీసుకుని రెండిళ్ల అవతలున్న సెల్వరాణి ఇంటికి పోతుంది. సెల్వరాణి ఆమెతో పాటు తీపెట్టి ఆఫీసులో పనిచేసిన మనిషి. ఇరవై ఎనిమిదేళ్ల కింద అక్కడ నిప్పంటుకుని ఆమె రెండు చేతులూ కాలాయి, వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అప్పటినుంచి ఆమె తల దువ్వి జడ వేసేది పాపమ్మాళే. పండగైనా, జ్వరమొచ్చినా, ఆదివారం సెల్వరాణి చర్చికి పోవలసి త్వరగా లేచినా మానలేదు. బృంద దాన్ని స్నేహం అనుకుంది. వీధి కూడా అదే అనుకుంది.

ఇక జాబితా సంగతి. మూతపడ్డ చిన్న ఆఫీసుల్లో పనిచేసి దెబ్బతిన్నవాళ్లకు ప్రభుత్వం కొంత సాయం ఇస్తుందని కబురొచ్చింది. రిజిస్టర్లు లేవు, యజమానుల్లో సగం మంది లేరు. ఎవరు ఎక్కడ ఏ ఏళ్లలో పనిచేశారో, ఎందుకు మానేశారో చెప్పాలి, ఆ రోజుల్లో పక్కన కూర్చుని పనిచేసిన మనిషి ఒకరు స్వయంగా సాక్ష్యం చెప్పాలి. కార్మికుల సంఘంలో తిరిగే గోవిందరాజ్ విళాత్తికుళం దాకా ఊరూరా మనుషుల్ని పెట్టి ఈ వివరాలన్నీ ఫోనుల్లో ఎక్కించాడు. ఎక్కించడానికి పేజీ చేసిపెట్టింది బృంద. వసంతకుమార్ పెద్దమనసుతో కంపెనీ ఖాతాలోనే ఒక మూల చోటిచ్చాడు. ముందు యంత్రానికి తిన్నె అనీ వెనకదానికి లోగది అనీ బృంద పేర్లు పెట్టుకుంది. లోగదిలో మూడువందల పన్నెండు మంది చేరారు. ఆ వరసలు మాత్రం ఆమె చదవలేదు. నిలబెట్టడం తన పని, లోపల ఎవరేం చెప్పుకున్నారో చూడడం మర్యాద కాదని ఆమె లెక్క.

సాక్ష్యాల విచారణ శుక్రవారం. బుధవారం గోవిందరాజ్ ఇంటికొచ్చి చల్లగా చెప్పాడు.

"అందరిదీ అయిపోయినాది బృందా. సెల్వరాణక్కది దా నిలిచిండాది. ఆ ఆఫీసులో ఆమె పక్కన కూసున్నోళ్లల్లో బతికుండేది మీ అమ్మ ఒకతే. ఆమె సాక్షి చెప్తే దా కుదిరేది."

అతను పోయాక బృంద తల్లిని అడిగింది. పాపమ్మాళ్ ముఖం తిప్పుకుంది.

"నాకి నెనపు లేదు."

"దినామూ జడ వేస్తావు. ఆమె పక్కన కూసున్నది నెనపు లేదా?"

"లేదంటిని కదా. పోయి నీ పని చూడు."

బృందకు ఒళ్లు మండింది. తల్లి మీద ఆమెకు అంత కోపం రావడం అదే మొదలు.

గురువారం వాన పట్టుకుంది. అయిప్పసి నెల, వాన రావలసిన నెలే. బృంద సెలవు పెట్టి, జాబితా అంతా అచ్చు వేయించాలని ఇంట్లో కూర్చుంది. పదింటికి గోవిందరాజ్ ఫోను చేశాడు, పేజీ తెరుచుకోవడం లేదని. ఆమె క్లౌడు ఖాతా తెరిచి చూసింది. లోగది ఉంది. తిన్నె లేదు. ఆగిపోవడం కాదు, అసలు వరసలోనే లేదు.

వసంతకుమార్‌కు ఫోను చేసింది. ఆయన తీరిగ్గా, తమిళంలో, పొద్దున్నే వాడకంలో లేని యంత్రాలు కొన్ని తీసేశానన్నాడు. "తిన్నె అని ఒకటి ఉంటే ఎవరో పరీక్షకు చేసుకున్నారనుకున్నానమ్మా. ఎందుకు, అందులో ఏమైనా ఉందా?"

"ఏమీ లేదు సార్. పేజీ ఉంది" అంది బృంద. ఆ మాట చెబుతున్నప్పుడే ఆమెకు కాస్త ఊపిరి ఆడింది.

వంటింటి గుమ్మంలో పాపమ్మాళ్ నిలబడి ఉంది. ఫోను మాటలన్నీ విన్నట్టుంది, మొహం పాలిపోయింది.

"పోయినాదా? అంతా?"

"తిన్నె పోయినాది."

"సెల్వరాణి చెప్పింది కూడా?"

"లేదమ్మా. జాబితా లోగదిలో ఉండాది. అది వేరే యంత్రం. దానికేమీ కాలేదు."

"రెండూ ఒకటిగా పెట్టలేదా?"

"నువ్వు దా చెప్తివి కదమ్మా. మందు గది వేరే, పెట్టెల గది వేరే."

పాపమ్మాళ్ అక్కడే గడప మీద కూర్చుంది. బృంద గమనించలేదు, తెరవైపు తిరిగి కొత్త యంత్రం అద్దెకు తీసుకుంటోంది. పేజీ నడిపే సాఫ్ట్‌వేర్ దింపింది. దాచిపెట్టుకున్న ప్రోగ్రాం తెచ్చి అందులో పెట్టింది. లోగది చిరునామా రాసింది. పాత పేరుతో వెతికితే ఈ కొత్త యంత్రానికే చేరేట్టు మార్చింది. ఇవన్నీ ఆమె ఎన్నోసార్లు చేసిన పనులు, చేతులు వాటంతటవి కదులుతాయి.

"ఆ దినం కూడా ఇట్లే వాన" అంది వెనకనుంచి పాపమ్మాళ్.

బృంద "ఊఁ" అంది.

"పుల్లలు గుచ్చి మందు ముంచిన చట్రాలు బయట ఆరబెట్టిండాము. వాన దిగె. పందిట్లోకి మార్చండి అని మేస్త్రి అరిచె. పందిరి దూరం. పెట్టెల గది దగ్గిర. నేను దా రెండు చట్రాలు ఎత్తుకొని పెట్టెల గదిలో పెడితిని. సెల్వరాణి పక్కన. ఇంకో రెండు ఎత్తేదానికి బయటికి పోతిని."

బృంద చేతులు ఆగాయి.

"తిరిగొచ్చేలోపల అంటుకునె. ఎట్ల ఒరుసుకొనెనో తెలీదు. నేను వాకిట్లో ఉంటిని, ఆమె లోపల ఉండె. చట్రాలు ఎవరు తెచ్చిరి అని అందరూ అడిగిరి. నేను నోరు తెరవలే. సాక్షి చెప్తే ఎందుకు అంటుకునె అని అడుగుతారు కదా. ఏం చెప్పేది?"

బృందకు తల్లి మీద జాలి వేసింది, నిన్నటి తన కోపానికి సిగ్గు వేసింది, తన చిన్నతనమంతా విన్న పాఠం ఇన్నాళ్లకు అర్థమైంది. ఏదో ఒకటి చేయాలి కనుక పేజీ తెరిచింది. పేజీ వచ్చింది. పైన సంఘం పేరుంది, కింద అంతా ఖాళీ. ఒక్క వరస లేదు.

ఇంకోసారి తెరిచి చూసింది, అంతే. తరవాత గుర్తొచ్చింది. లోగదికి పాత తిన్నె ఒక్కదాన్నే రానివ్వమని కాపలా పెట్టింది తనే. కొత్త యంత్రం దానికి పరాయిది, ఎంత తలుపు కొట్టినా తియ్యదు. కాపలా నియమంలోకి పోయి కొత్తదాన్ని చేర్చి, పేజీ మళ్లీ తెరిచింది. పేర్లు బిలబిలమని దిగాయి. మూడువందల పన్నెండు.

ఇప్పటిదాకా చదవని మనిషి ఆ రోజు సెల్వరాణి పేరు వెతికి, వరస తెరిచింది. ఎవరో ఎక్కించేవాళ్లు ఆమె చెబుతుంటే కొట్టిన వివరాలు. తారీఖు చూస్తే అయిదు వారాల కిందటిది. పాపమ్మాళ్‌కు చదువు రాదు, అందుకని బృంద గట్టిగా చదివి వినిపించింది.

"పని మానిన కారణం, వాన. తప్పు ఎవరిది, ఎవరిదీ కాదు. పక్కన కూసున్నది ఎవరు, పాపమ్మాళ్."

"ఇంకొకసారి చదువు."

బృంద ఇంకొకసారి చదివింది. పాపమ్మాళ్ కొంగుతో ముఖం ఒత్తుకుంది. తరవాత, "రేపు నేను వస్తాను" అంది.

శుక్రవారం పొద్దున ఆవిడ ఎప్పటిలాగే దువ్వెన తీసుకుని సెల్వరాణి ఇంటికి పోయింది. జడ వేసింది. బృంద అచ్చు వేయించిన కట్ట సంచిలో పెట్టుకుని వాళ్లిద్దరినీ ఆటోలో తీసుకుపోయింది.

విచారణలో అంతా తమిళమే. కుర్రతనం వదలని ఒక అధికారి సెల్వరాణిని ఎందుకు పని మానేశావని అడిగాడు. ఆమె వాన అని చెప్పింది. ఆయనకు అర్థం కాలేదు, ఆమె చేతులు చూసి ఇంకేమీ అడగలేదు. సాక్షి వైపు తిరిగాడు. పాపమ్మాళ్ బల్ల అంచు పట్టుకుని, నేను ఆమె పక్కన పదకొండేళ్లు కూర్చున్నాను అంది. అక్కడితో చాలు. ఆయన వేలిముద్ర డబ్బా ముందుకు జరిపాడు కూడా. కానీ ఆవిడ ఆగలేదు. మందు చట్రాలు ఆ గదిలోకి తెచ్చిపెట్టింది నేనే సార్, అది కూడా రాసుకోండి అంది.

అధికారి కలం పట్టుకుని కాగితం కేసి చూశాడు. కారణం రాసే గడి వేలెడంత ఉంది. ఆయన అందులో వాన అని రాసి, వేలిముద్ర వేయించుకుని, తరవాతి పేరు పిలిచాడు.

బయట వరండాలో పాపమ్మాళ్ గోడ పక్కన ఆగింది. సెల్వరాణి ఆమె ఎదురుగా నిలబడింది.

"నీకి ముందే తెలుసునా?" అంది పాపమ్మాళ్.

"నువ్వు చట్రాలు పెట్టేది నేను చూస్తిని కదా. పక్కనే కదా కూసునిండాను."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

సెల్వరాణి తన అతుక్కుపోయిన వేళ్లతో ముందుకు జారిన జడను వెనక్కి తోసుకుంది.

"చెప్తే నువ్వు పొద్దున్నే వచ్చేది మానేస్తావని బయం" అంది.