ముద్దనూరు రోడ్డు మీద ఊడదీసిన టేపు

కేసులో ఒకసారి పేరెక్కితే మా వైపు మనిషికి సొంత పార్టీ అంటూ ఉండదు. బెయిలు ఎవరు ఇప్పిస్తే వాళ్ల మనిషైపోవాల్సిందే. మా అక్క భయమంతా అదే. ఫ్యాక్షన్ చల్లబడిందని అందరూ చెప్పుకుంటున్న కాలమది. అయినా ఓట్లు దగ్గరపడితే పల్లెల్లో మగవాళ్లకు రెండు వైపుల నుంచీ పిలుపులు వచ్చేవి. అందుకే ఆ ఎన్నికలప్పుడు సింహాద్రిపురం దగ్గరున్న తన ఊరికి నన్ను పిలిపించి, "మీ బావను నీతో ప్రొద్దుటూరుకు పిల్చుకపో అబ్బీ. ఓట్లైపోయినాంక పంపీ" అంది.

బావకు అరటి గెలలు మోసి మోసి కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవడం లేదు. నేను ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో పనిచేసేవాడిని. బడి చదువు పదో తరగతితో ఆగింది, ఆ పైన చదివిందంతా లైబ్రరీలోనే. ఆటగాళ్లు కండరాల నొప్పికి అంటించుకునే సాగే టేపు గురించి, కినీషియాలజీ టేపంటారు, అక్కడే ఒక పుస్తకంలో బొమ్మలతో సహా చదివాను. ముందు నా మోకాలి మీద వేసి చూసుకున్నాను కూడా. మెడికల్ షాపులో నల్ల టేపు చుట్ట తీసుకున్నాను. మిగతా రంగులు ఆ ఎన్నికల్లో ఏదో ఒక పార్టీవి.

రెండు పట్టీలు కత్తిరించి, మూలలు గుండ్రంగా చేసి, బావ భుజం మీద అంటించాను. తెల్లవారేసరికి చెయ్యి కొంచెం లేచింది. "మీ లైబ్రరీకి ఒక గెల పంపియ్యాల రా" అని నవ్వాడు. కొసల దగ్గర దురదగా ఉందన్నాడు. సర్దుకుంటుందిలే అన్నాను. ఆ పొద్దే ఇద్దరం ప్రొద్దుటూరు బస్సెక్కాం.

ముద్దనూరు ఇంకా రాకముందే పోలీసులు బస్సు ఆపారు. జమ్మలమడుగు వైపు ఒక పల్లెలో బాంబులు పేలాయని, గాయపడినవాడొకడు పరారీలో ఉన్నాడని పొద్దున్నే విన్నాం. కానిస్టేబుల్ సీట్ల మధ్య నడుస్తూ వచ్చి బావ కాలర్ దగ్గర ఆగాడు. నల్ల పట్టీ అంచు బయటికి కనబడుతోంది. ఇద్దర్నీ దింపాడు.

"భుజానికి ఏంది?" అన్నాడు ఎస్సై.

"గెలలు మోసి పట్టేసింది సార్" అన్నాడు బావ.

"ఓట్లు పెట్టుకొని ఊరిడ్సి యాడికి పోతాండావు? ఈ కట్టు ఏ డాక్టర్ కట్టినాడు?"

"కట్టు కాదు సార్, టేపు. నేనే అంటించినా" అన్నాను. ఎంత వివరంగా చెబితే అంత నమ్ముతాడనుకుని, ఎటు నుంచి ఎటు అంటించాలో, ఎంత సాగదీయాలో పుస్తకంలో ఉన్నట్టే చెప్పుకుపోయాను. ఎస్సై మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక అడిగాడు: "అంటే ఆస్పత్రికి పోకుండా ఇంట్లోనే వైద్యం చేస్తావు. ఇంకా ఎవరెవరికి చేసినావు?"

అప్పుడు అర్థమైంది. గాయపడినవాడితో పాటు వాడికి రహస్యంగా కట్టు కట్టేవాణ్ణి కూడా వీళ్లు వెతుకుతున్నారు.

"పీకు" అన్నాడు ఎస్సై కానిస్టేబుల్‌తో.

"నూనె పూసి తియ్యాల సార్, ల్యాకుంటే తోలు లేస్తాది. నేను తీస్తా" అన్నాను. బస్సు కిటికీలోంచి ఒకావిడ కొబ్బరినూనె సీసా అందించింది. నూనె ఇంకనిచ్చి, చర్మాన్ని ఒక చేత్తో అదిమిపట్టి, మెల్లగా టేపు ఒలిచాను. నడుమ చర్మం శుభ్రంగా ఉంది. కొసల దగ్గర మాత్రం ఎర్రగా కమిలి నీటి బొబ్బలు లేచాయి. కొసలు సాగదీయకుండా అంటించాలి. నేను సాగదీశాను.

"కాలింది సార్!" అన్నాడు కానిస్టేబుల్. 

"ఏ బాంబు సార్, కత్తెరతో కత్తిరించినట్ల ఇంత గుండ్రంగా కాలుస్తాది?" అన్నాడు బావ. "ఆ టేపు పెట్టి చూడండి. బాంబు కాదు, మా బామ్మర్ది!"

ఎస్సై టేపు అందుకుని కొసను మచ్చ మీద ఆనించి చూశాడు. అచ్చంగా సరిపోయింది. రెండో పట్టీ కూడా పెట్టి చూశాడు. కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

"పోండి. ఓట్లయ్యేదాకా నువ్వు ఎవరికీ ఏమీ అంటించొద్దు" అన్నాడు ఎస్సై నాతో.

బస్సు కదిలింది. ముద్దనూరు దాటాక, వెనక సీట్లోంచి నడివయసు మనిషి ఒకడు లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.  నా చెవి దగ్గరికి వంగాడు.

"అప్పా, మా వానికి చెయ్యి కాలింది. ఆస్పత్రికి తీసకపోయే దావ లేదు. ఎవరికీ చెప్పకుండా వచ్చి చూస్తావా?"

"కాలినదానికి ఈ టేపు ఎయ్యకూడదన్నా. నాకు తెల్సింది ఇంతే."

"ఊరికే చూసి చెప్పు, సాలు. వేళ్లు నల్లగైతాండాయి."

కిటికీ వైపు తిరిగి ఉన్న బావ నా మణికట్టు పట్టుకున్నాడు. వేళ్లు నల్లబడడమంటే ఏమిటో నేను చదివాను. చదవకపోయి ఉంటే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది.

"నేనొచ్చినా ఏమీ చెయ్యలేను. పక్క జిల్లాకైనా సరే, పెద్దాస్పత్రికి ఈ పొద్దే తీసకపో. రేపటికి చెయ్యి దక్కదు" అన్నాను.

 అతను ఎర్రగుంట్లలో దిగి, సిమెంటు లారీల మధ్య నుంచి రోడ్డు దాటి, రైల్వేస్టేషన్ వైపు వేగంగా నడిచాడు.

బస్సు ప్రొద్దుటూరు చేరేదాకా బావ నా చెయ్యి వదల్లేదు.