భారతి అని రాసింది నేనే

ఈ మాట ఇన్నేళ్లూ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలీదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల చివర్లో నేను అరకులో కాఫీ తోటల ఆఫీసు గుమాస్తాని. మస్కట్ పిచ్చి పట్టిన రోజులు. విశాఖలో గల్ఫు ఉద్యోగాలకు మనుషుల్ని పంపే కన్సల్టెంటు ఒకడు ఉండేవాడు. బోర్డు చాంతాడంత, గది పిట్టగూడంత. ఎప్పుడు రైలు దిగి వెళ్లినా "వచ్చే వారం" అనేవాడు. చివరికి అసలు సంగతి బయటపెట్టాడు: ఒక నర్సును తీసుకొస్తే నా కాగితాలు కదులుతాయట. ఛీ కొట్టి రావాల్సింది. కొట్టానా? నేరుగా బుద్రి దగ్గరికి వెళ్లాను.

బుద్రి మిషన్ ఆసుపత్రిలో నర్సు. కొండ మీది పిల్ల. బుధవారం పుట్టింది కనుక బుద్రి. వాళ్లలో పుట్టిన వారమే పేరు. నర్సు చదువు చదివినా ఆమె చేత గదులు ఊడ్పించేవారు. గల్ఫులో నర్సంటే నర్సేనని ఎవరో చెప్పారు. అదొక్కటే ఆమె ఆశ. పాస్‌పోర్టు దరఖాస్తు తనే సొంతంగా పెట్టుకోవచ్చని ఆసుపత్రి సిస్టరమ్మ అందట, నిజమేనా అని నన్ను అడిగింది. నిజమే. నాకూ తెలుసు. అయినా కన్సల్టెంటు లేకుండా పని జరగదన్నాను.

ఆ పెద్దమనిషి బుద్రి అన్న పేరు విని మొహం చిట్లించాడు. కాస్త నాగరికమైన పేరు రాయమన్నాడు. దరఖాస్తులో భారతి అని నేనే రాశాను. నర్సు సర్టిఫికెట్లో బుద్రి అనే ఉంది కదా, రెండూ కలవవు కదా అని అనిపించకపోలేదు. అనిపించి ఏం లాభం? చెయ్యి ఆగలేదు.

పాస్‌పోర్టు ఎంక్వైరీకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆమెదీ నాదీ ఒకే రోజు. ఆసుపత్రి వరండాలో కూర్చుని ఆమెను పేరడిగాడు.

"బుద్రి, బాబూ."

"మరి ఈ భారతి ఎవరు?"

"అదీ నేనే. ఇంటికాడ ఒకటి, కాయితాలకి ఒకటి."

కొండవాళ్లకు ఇది వింత కాదు. బడిలో పంతులు ఒక పేరు, రేషన్ కార్డు రాసేవాడు ఇంకో పేరు రాసిపడేస్తే అన్నిటికీ పలకడం వాళ్లకు అలవాటు. ఇన్‌స్పెక్టరుకు మాత్రం మోసంలా కనబడింది. నావైపు తిరిగాడు.

"ఈ పేరు ఎవరు పెట్టారో నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుసండీ?" అన్నాను.

ఆమె దరఖాస్తు కొట్టేశారు. మళ్లీ పెట్టుకోవడానికి వీల్లేకుండా దొంగ పేరని రాసిపెట్టారు. నా పాస్‌పోర్టు వచ్చింది. వచ్చేసరికి కన్సల్టెంటు బోర్డుతో సహా మాయం. ఇంత చేసీ మస్కట్ మొహం చూడలేదు! భయపడ్డానని చాలాకాలం నాకు నేనే నచ్చజెప్పుకున్నాను, కానీ భయపడ్డవాడి గొంతు వణకాలి, నాది వణకలేదు, పైగా రెండు పేర్లూ తనవేనని చెప్పినందుకు ఆమె మీదే విసుక్కున్నాను. ఏం మనిషిని నేను?

ఆ తర్వాత శుక్రవారం సంతలో కనబడేది. అప్పటికీ ఆసుపత్రి గదులే ఊడుస్తోంది. "ఈ బాబు నాకోసం సానా తిరిగాడు" అని పక్కవాళ్లకు చెప్పేది. ఒళ్లు మండిపోయేది. ఒకసారి ఉండబట్టలేక, ఆ రోజు ఇన్‌స్పెక్టరుతో నాకేం తెలుసు అన్నందుకు కోపం రాలేదా అని అడిగాను.

"కోపమేటి బాబూ? కన్సల్టెంటు నిన్ను అలగ సెప్పమన్నాడు గావాల అనుకున్నాను."

ఔనన్నట్టు తలూపాను.

కాదు బుద్రీ. నన్నెవరూ చెప్పమనలేదు.