కొసరు పడిన తూటా

నా బల్ల సొరుగులో, కాల్చిన తూటాది, చిటికెన వేలంత పొడవున్న ఇత్తడి తొడుగు ఒకటి ఉన్నది. దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ ఉంటుంది. ఆ టోపీ అంచుల గుండ్రదనం కోల్పోయి, సమ్మెట దెబ్బ తిన్న పూసవలె చదునైపోయింది. రెండేండ్లు గడచినా దానిని పారవేయలేదు.

ఒమాన్ దేశపు బహ్లాలో నేను పనిచేసే దుకాణంలో ఖర్జూరాలు, పప్పులు, సుగంధ ద్రవ్యాలు అమ్ముతాము. భాషాప్రవీణ పట్టా ఉండీ స్వదేశంలో పండితుని కొలువు దొరకక, ముప్పది ఏండ్ల క్రిందట వచ్చి ఇక్కడి త్రాసు ముందు కూర్చున్నాను. యజమానిని అందరమూ అర్బాబ్ అంటాము. ఆయన నా ఈడువారే. బాల్యంలోనే ఎడమ కంటి చూపు పోయింది. మిగిలిన కుడి కంటితోనే లెక్కలు చూస్తారు, బండి నడుపుతారు, శుక్రవారాలలో గురి మైదానానికి వెళ్ళి తుపాకి కాలుస్తారు. తాతనాటి వేడుక అది. దానికి వలసిన అనుమతి పత్రాలు అద్దపు చట్రంలో బిగించి గోడకు వ్రేలాడదీసి ఉంటాయి.

తన తూటాలను ఆయన తానే కూర్చుకొనేవారు. కంపెనీవి కొనుక్కోవచ్చు గదా, ఈ శ్రమ ఎందుకని ఒకసారి అడిగాను. ఆయన తాను తొడిగిన పొడుగు అంగీ, దిష్‌దాషా, మెడపట్టీని రెండు వేళ్ళతో ఎత్తి చూపారు.

"ఇది దర్జీ నా మెడ కొలిచి కుట్టినది. బజారులో వ్రేలాడే చొక్కా అందరికీ పడుతుంది, ఎవరికీ సరిగ్గా పట్టదు. కంపెనీ తూటా కూడా అంతే, పంతులూ. ఏ తుపాకిలోనైనా దూరాలని కాస్త వదులుగా చేస్తారు. నా తుపాకికి నా తూటా."

ఆయనది అరబ్బీ కలిసిన హిందీ. ఇక్కడ నా తెలుగులో వ్రాస్తున్నాను. గుండు గొట్టంలో ప్రయాణించే రెప్పపాటులో గొట్టమంతా మ్రోగిన కంచువలె కంపిస్తుందట. ప్రతి గుండూ ఒకే వేగంతో, ఆ కంపనంలోని ఒకే దశలో బయటపడితే, అన్నీ ఒకే చోట తగులుతాయట. అందుకే తుపాకి మందు తూనిక, గుండును తొడుగులో దించే లోతు, ఈ రెండూ తూటా తూటాకూ మారరాదట. వింటూ మనసులో మెచ్చుకొన్నాను. యతి తప్పిన పద్యాన్ని చెవితోనే పట్టగల నాకు ఈ విద్య పరాయిదిగా తోచలేదు.

ఆ ఏడు ఆయన చేతికి వణుకు వచ్చింది. ఒక గురువారం మధ్యాహ్నం నన్ను ఇంటికి పిలిచి, చిన్న త్రాసు ముందు కూర్చోబెట్టారు.

"కుంకుమపువ్వు తూచే చేయి నీది. ముల్లు ఈ గీత మీద నిలవాలి. ఇటూ వద్దు, అటూ వద్దు."

మొదటి పది తొడుగులకు ఆయన నా ప్రక్కనే ఉండి చూశారు. నేను తూచి పోసేవాణ్ణి, ఆయన గుండు బిగించేవారు. అంతలో ప్రొద్దు వాలే వేళ చేసే అసర్ నమాజుకు పిలుపు వినిపించింది. తక్కిన పదిహేనింటికీ మందు పోసి ఉంచమని చెప్పి మసీదుకు వెళ్ళారు.

ఆ ఇంట వంట చేసే కడప ఆమె ఏలకుల కాఫీ, కహ్వా, పట్టుకొని వచ్చి గడప అవతలే ఆగిపోయింది.

"పంతులయ్యా, ఆ మందు దాపుకు నేను రాను. కహ్వా ఈడ పెడతాండా, వచ్చి తాగు."

"రా తల్లీ, నిప్పు లేనిదే ఇది ఏమీ చేయదు."

"నిన్ను జూస్తే నవ్వొస్తాది. అంగట్లో మాకు పసుపు తూచి, మళ్ళా గుప్పెడు కొసరేస్తావు. కూడు పెట్టే ఆయప్పకు మాత్రం ముల్లు జూసి, ఊపిరి బిగబట్టి పోస్తాండావే!"

ఆమె నవ్వుకొంటూ వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం నాలో నిలిచిపోయింది. కొసరు లేని తూనికను మా ఇంట తూనిక అనేవారు కారు. చేబదులు బియ్యం కొలిచి ఇచ్చినా, అమ్మ చివర చేతితో ఇన్ని గింజలు జారవిడిచేది. ముప్పది ఏండ్లుగా నేనూ ప్రతి పొట్లంలో అలాగే విడుస్తున్నాను. నాకు అన్నం పెట్టినవానికి పిసినారి కొలత ఏమిటనిపించింది. ముల్లు గీత మీద నిలిచిన తరువాత, పదిహేను తొడుగులలోనూ తలా ఒక చిటికెడు మందు అదనంగా వేశాను. ఎంతో ప్రీతితో వేశాను. అర్బాబ్ తిరిగి వచ్చి, నన్ను నమ్మి, మళ్ళీ తూచకుండానే గుండ్లు బిగించారు.

మరునాటి ఉదయానికే మైదానంలో ఎండ కాస్తున్నది. తోటలో పనిచేసే జగిత్యాల అతను గురి పలకలు నిలబెట్టి వచ్చి మా వెనుక నిలుచున్నాడు. అర్బాబ్ కళ్ళజోడు పెట్టుకొని, చేతి వణుకు తగలకుండా తుపాకిని బల్ల మీది ఇసుక సంచులపై ఆనించి, ముందుగా మూడు కంపెనీ తూటాలు కాల్చారు. దుర్భిణిలో చూస్తే మూడు రంధ్రాలూ అరచేతి వెడల్పున చెదరి ఉన్నాయి. పిమ్మట మా పెట్టెలోనివి, కూర్చిన వరుసలోనే, పది కాల్చారు. ఆ పదింటినీ ఒక్క ఖర్జూరపు పండుతో కప్పవచ్చు.

"వారెవ్వా! పంతులూ, గివి కంపెనీ మాల్ గాదు, వీటికి కండ్లున్నయే! నీ చెయ్యి బంగారం!" అన్నాడు జగిత్యాల అతను. నాకు గర్వం కలిగింది. దాచను.

పదకొండవది పేలింది.

ఆ చప్పుడు వేరు. అది వినిపించలేదు, రొమ్మును తన్నినట్లు తగిలింది. అర్బాబ్ తల వెనుకకు విసురుగా కదిలింది. తుపాకి బల్ల మీద పడింది. ఆయన కళ్ళజోడు లాగివేసి, కుడి కంటిని రెండు చేతులతో మూసుకొన్నారు. చెంప మీద నల్లని మసి.

"అర్బాబ్! కన్నుకేమన్నా అయ్యిందా? జర చేతులు తియ్!" అంటూ జగిత్యాల అతను ఉరికాడు.

ఆయన చేతులు తీయలేదు. చివరకు మెల్లగా దించి, రెప్పలు కొట్టుకొంటూ నా వైపు తిరిగారు.

"పంతులూ, ఎన్ని వేళ్ళు ఎత్తావు?"

"ఎత్తలేదు, అర్బాబ్."

"అయితే సరిగానే కనబడుతున్నది."

జగిత్యాల అతను నవ్వబోయి ఏడ్చాడు. నేల మీది కళ్ళజోడు తీసి చూశాను. కుడి అద్దం నిండా తుపాకి వెనుక నుండి చిమ్మిన మసి, సన్నని గీతలు. తూటాను మూసి ఉంచే తుపాకి బోల్టు బిగుసుకుపోయి, కొయ్యతో తట్టితే గాని తెరచుకోలేదు. అప్పుడు ఊడి వచ్చినదే నా సొరుగులోని ఈ తొడుగు. పలక మీద ఆ గుండు తక్కిన పదింటికీ జానెడు పైన తగిలి ఉన్నది.

ఇంటికి చేరగానే మిగిలిన పద్నాలుగు గుండ్లనూ ఆయన ఊడదీశారు. ఒక్కొక్కదాని మందు త్రాసులో పోశారు. ముల్లు ప్రతిసారీ గీత దాటింది. ఏ రెండుసార్లూ ఒకే చోట నిలవలేదు.

"ఎందుకు?" అన్నారు. కేకలు వేయలేదు.

కొసరంటే ఏమిటో చెప్పడానికి నాకు అరబ్బీలో గాని, హిందీలో గాని మాట దొరకలేదు. చిటికెడు మందు తీసి, తూచిన కుప్ప మీద వేసి చూపాను. "మీ మీది ప్రేమతో," అన్నాను.

ఆయన ఆ అదనపు చిటికెడును వేలికొసతో విడదీశారు. "ఎండకు మందు ఉద్ధృతమవుతుంది, పంతులూ. అందుకని తుపాకి ఓర్చే హద్దుకు లోపలే కొంత చోటు విడిచి కొలత పెట్టుకొన్నాను. ఆ చోటు నాది. దానిని నీ ప్రేమ నింపేసింది."

ఆ రోజు నుండి నన్ను వదలనిది ఒక్కటే. వృత్తపాదంలో ఒక్క లఘువు హెచ్చితే గణభంగమని పట్టుబట్టే నేను, ఒక మనిషి ఏకైక నేత్రానికి రెండంగుళాల దూరంలో పేలవలసిన కొలతలో దయ చూపాను. నా జీవితంలో ఏ దుష్కృత్యమూ నన్ను ఆ ప్రమాదం దగ్గరకు తీసుకొనిపోలేదు. తీసుకొనిపోయినది నా మంచితనమే.

మరునాడు కడప ఆమె పసుపు కోసం దుకాణానికి వచ్చింది. తూచి పొట్లం కట్టబోయాను.

"ఏంది పంతులయ్యా, కొసరు మరిచినావే?"

నా చేయి పసుపు డబ్బా మీద గాలిలో ఆగిపోయింది. లోపలికి పోదు, వెనుకకు రాదు. గుమ్మం ప్రక్క కుర్చీలో కూర్చున్న అర్బాబ్ అది చూశారు. లేచి వచ్చి, వణుకుతున్న తన చేతితోనే ఇంత పసుపు తీసి పొట్లంలో వేశారు. సగం బల్ల మీద ఒలికింది.

"ఇక్కడ వేయి," అన్నారు నాతో. "ఇక్కడ ఎంతైనా వేయి."