మా ఇంటిపేరు గళ్ళు

మొన్న మండపేటలో మావారికి లుంగీలు కొందామని ఓ బట్టల కొట్టుకి వెళ్ళాను. గుమాస్తా నాలుగైదు రకాలు చూపించి, చివరికి ఒకటి విప్పి బల్లమీద పరిచి, "ఇవి తీసుకోండి, పాత రకం" అంటూ ఆ గళ్ళ పేరు చెప్పాడు. అది మా పుట్టింటివాళ్ళ ఇంటిపేరు. "ఏదో ఊరి పేరనుకుంటానండి" అని కూడా అన్నాడు. "అయ్యుండొచ్చండి" అని ఊరుకున్నాను. రిటైరైన టీచర్ని కదా, ఎదుటివాళ్ళ తప్పులు దిద్దే ఓపిక ఉద్యోగంతోనే పోయింది.

ముదురు నీలం ఇరవై నాలుగు పోగులు, తెలుపు రెండు, ఇటుకరంగు నాలుగు, పసుపు రెండు, మళ్ళీ ఇటుకరంగు నాలుగు, తెలుపు రెండు. నిలువుకీ అంతే, అడ్డానికీ అంతే. నాకు ఎక్కాలకంటే ముందు వచ్చింది ఈ లెక్కే. మొదట్లో మా తాతయ్య నేసిన లుంగీల్లో పసుపు ఉండేది కాదట. ఓసారి ఇటుకరంగు నూలు చాలకపోతే, పన్నెండేళ్ళ మా మేనత్త ఎవర్నీ అడక్కుండా చీర అంచులకని దాచిన పసుపు నూలు కలిపేసింది. తాతయ్య చూసేసరికి పడుగు, అంటే నిలువు పోగులన్నీ, మగ్గమెక్కేసింది. చేసేదిలేక ఆవిణ్ణి తిడుతూనే నేశాడు. మా సరుకు కొనే షావుకారు మళ్ళీ అవే కావాలన్నాడు. అప్పట్నుంచే వాటికి మా ఇంటిపేరు స్థిరపడింది.

అత్తయ్యని నిడదవోలు దగ్గర ఓ పల్లెటూరికి ఇచ్చారు. అక్కడివాళ్ళు నేసేది తెల్ల తువ్వాళ్ళు. మావయ్యకి చేతులు వణికే జబ్బు వచ్చాక, అత్తయ్యే మగ్గంలో కూర్చుని తనకి చేతనైన గళ్ళు నేయడం మొదలుపెట్టింది. ఆ సంగతి షావుకారు ద్వారా మా నాన్న చెవిన పడింది. నాన్నకి కోపం వస్తే గొంతు పెరగదు, నడక పెరుగుతుంది. ట్రైనింగు సెలవుల్లో ఇంటికొచ్చిన నన్ను, ఆడపిల్ల పక్కనుంటే మాట తూలదన్న ధైర్యంతో కాబోలు, వెంటబెట్టుకుని బస్సెక్కాడు.

అత్తయ్య మాకు కాఫీలిచ్చి, మళ్ళీ పోగులు సర్దుకుంటూ కూర్చుంది. ఇల్లంతా గంజి వాసన.

"అక్కా, అవి మన ఇంటి గళ్ళు కదా" అన్నాడు నాన్న.

"మన ఇంటివే. కాదన్నానా?"

"మరి నీ ఇంటిపేరు మారింది కదే."

అత్తయ్య చెయ్యి ఆపింది. "మార్చింది మీరేగా. ఆ పసుపు వేసిందెవరో నాన్న నీకు చెప్పలేదేంట్రా?"

నాన్న కాఫీ గ్లాసు కిందపెట్టి లేచాడు. తిరుగు ప్రయాణంలో కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు మా మగ్గాలమీద కొత్త పడుగులో పసుపు తీయించేశాడు. "అది అక్కది. మనం వాడకూడదు" అన్నాడు. న్యాయం చేశాననే అనుకున్నాడు పాపం. షావుకారు మాత్రం సరుకు తిప్పి పంపాడు: "ఇవి మీ గళ్ళు కాదండి." అలా మా ఇంటిపేరు వేరే ఇంటిపేరున్న అత్తయ్య లుంగీలకే మిగిలింది. ఆవిడేమైనా సంతోషించిందా అంటే, అదీ లేదు. తమ్ముడు తనని పడుగులోంచి తీసి పారేశాడని ఏడ్చిందట. ఏడేళ్ళు మాటల్లేవు. ఆ మధ్యలోనే నా పెళ్ళికి వచ్చి, అక్షింతలు వేసి, భోంచేయకుండానే వెళ్ళిపోయింది.

మావయ్య పోయిన మరుసటి ఏడు, చెప్పాపెట్టకుండా అత్తయ్య మా ఇంటికి వచ్చింది. పురిటికి పుట్టింట్లోనే ఉన్నాను నేను. చేతిసంచీలోంచి పసుపు నూలు చిలప, చుట్టి కట్టిన పెద్ద కట్ట, తీసి నాన్న ముందు పెట్టింది.

"నీది నువ్వు నేసుకోవద్దని నేనెప్పుడన్నాన్రా? వెయ్యి."

అప్పటికి మాకు మిగిలింది ఒకటే మగ్గం. ఆ చిలప ఉన్నంతవరకూ అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి పడుగులు సాగదీశారు. లెక్క దగ్గర రోజూ దెబ్బలాడుకునేవారు. ఆ పైన నాన్న చూపు తగ్గి మగ్గం ఆపేశాడు. రెండేళ్ళ తేడాతో ఇద్దరూ పోయారు. ఆ గళ్ళు మాత్రం ఇప్పుడెవరో నేస్తున్నారు, ఆ పేరుతోనే.

ఏడేళ్ళ మౌనం వాళ్ళ బతుకుల్లో ఎంతో పెద్దది. ఇవాళ దాని సంగతి ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే. నా తర్వాత అవి కూడా మామూలు ఏడేళ్ళే.