పసుపు బ్యాటు పెద్దాయన, నవ్వే కుర్రాడు

అట్టముక్క మీది బొమ్మ కోసం ఇద్దరు ఇంజినీర్లు మాటలు మానేస్తారని ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. మా అల్లుడూ, అతని స్నేహితుడూ ఆ పని నా కళ్ళెదుటే చేశారు. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో, మా అమ్మాయి వంటగదిలో, ఒక ఆదివారం మధ్యాహ్నం. నేను పక్కనే కూర్చుని బీన్స్ తుంచుతున్నాను. మొదటినుంచీ విన్నాను. అయినా గొడవ దేనికో ఈరోజుకీ సరిగ్గా చెప్పలేను. తెలిసినంత వరకూ రాస్తాను.

మా అల్లుడిది భీమవరం వైపు. ఆ స్నేహితుడిది కరీంనగర్. డెగ్గెన్‌డార్ఫ్ కాలేజీలో చదివేటప్పుడు ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. ఒకడు బాప్తిస్మం తీసుకున్నవాడు, ఒకడు శనివారం పూట ఒంటిపొద్దు ఉండే ఆంజనేయస్వామి భక్తుడు. ఒకే కుక్కర్లో వండుకు తిన్నారు. తరవాత ఇద్దరికీ ఈ ఊళ్ళోనే ఉద్యోగాలొచ్చాయి. స్నేహితుడికి ఇంకా పెళ్ళి కాలేదు. ఆదివారం మేము ఆరాధన నుంచి వచ్చేసరికి సైకిలు గోడకి ఆనించి గుమ్మంలో నిలబడి ఉండేవాడు. "ఏంది అత్తమ్మా, మీ పాస్టరు ఇయ్యాల మస్తు సేపు చెప్పిండా? ఆకలైతుంది" అనేవాడు.

దాపరికం లేకుండా చెబుతాను. ఆ పిల్లాడు నాకు అవసరం. మా అమ్మాయికి ఆసుపత్రి డ్యూటీలు. మనవరాలిని తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెబుతుంది. అల్లుడు మంచివాడే, కానీ ఇంట్లో మాట పొదుపు. ఆ స్నేహితుడు గుమ్మం దాటితేనే అల్లుడికి నోరొస్తుంది. ఇద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటూ ఉంటే ఇది మనుషులున్న ఇల్లని నాకు అనిపించేది.

వాళ్ళిద్దరికీ కలిపి ఒక ఆల్బం ఉంది. నిండా బేస్‌బాల్ ఆటగాళ్ళ కార్డులు. బేస్‌బాల్ అంటే అమెరికా వాళ్ళ ఆట, క్రికెట్‌కి దాయాది. చదువుకునే రోజుల్లో పాత సామాన్ల సంతలో ఒక ముసలావిడ మొగుడి వస్తువులు అమ్ముతుంటే, అందులో ఈ కార్డుల డబ్బా కనబడిందట. చిన్నప్పుడు ఇద్దరికీ బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెట్ బొమ్మల పిచ్చి. టోపీలూ బ్యాట్లూ చూసి ఇవీ క్రికెట్ వాళ్ళవే అనుకుని డబ్బా ఎత్తుకొచ్చారు. గదిలో విప్పి చూస్తే బ్యాట్లు రోకళ్ళలా గుండ్రంగా ఉన్నాయి. తిరిగిచ్చేద్దామనుకోలేదు. బొమ్మల మీద మోజు పడ్డాక ఆట నేర్చుకున్నారు. వాళ్ళ తరహాయే అంత, అన్నీ తలకిందులు.

ఈ వేసవిలో ఆ స్నేహితుడికి దూరాన కెమ్నిట్జ్ అనే ఊళ్ళో ఉద్యోగమొచ్చింది. ఇక్కడి ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఆల్బం పంచుకోవాలి. ఆ ఆదివారం కూర్చుని "ఇది నీకు, ఇది నాకు" అంటూ బుద్ధిగానే పంచుకున్నారు. చివరికి రెండు కార్డులు మిగిలాయి.

ఒకదాని మీద పసుపురంగు బ్యాటు భుజాన పెట్టుకుని ఎటో చూస్తున్న పెద్దాయన. వెనక నీలం ఆకాశం. ఫోటో కాదు, రంగులతో వేసిన బొమ్మలా ఉంటుంది. రెండోదాని మీద ఒక నల్ల కుర్రాడు, టోపీ పెట్టుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. ఆ ఆటగాళ్ళ పేర్లు చెప్పారు కానీ నా నోరు తిరగలేదు. నాకు వాళ్ళు పెద్దాయనా, కుర్రాడూ అంతే.

"ఐకానిక్ అంటే ఇదిరా" అన్నాడు స్నేహితుడు, పెద్దాయన్ని పట్టుకుని. "ప్రపంచంల కార్డు అంటే ఇదే యాదికొస్తది."

"అది నకలు" అన్నాడు అల్లుడు. "అసలుది నీ ఏడు తరాలు చూడవు. తరవాతెప్పుడో మళ్ళీ అచ్చేసిన కాగితం. కుర్రాడు అసలు. అతను ఆటలోకొచ్చిన మొదటి ఏడు వేసిన కార్డు. ఆ రోజుల్లో అమెరికాలో ప్రతి పిల్లాడి జేబులోనూ ఉండేది."

"అందరి జేబుల ఉంటే అది ఐకానిక్ ఎట్లయితది? బస్సు టికెట్ అయితది."

"అందరి దగ్గరా ఉండబట్టే అవుతుంది. నీ పెద్దాయన జిరాక్స్!"

"జిరాక్స్ అంటవా? అత్తమ్మా, మీరే చెప్పుండ్రి. దేవుని పటం క్యాలెండర్ల అచ్చయినా దేవుని పటమే గద?"

నేను ఆలోచించాను. మా ఇంట్లో గొర్రెపిల్లని భుజాన వేసుకున్న ప్రభువు క్యాలెండరు ఏళ్ళ తరబడి ఉండేది. తేదీలు చింపేశాం కానీ బొమ్మ ఉంచాం. దాని అసలు ఎక్కడుందో నేనెప్పుడూ అడగలేదు. ఆ మాట చెబుదామనుకునేలోగా అల్లుడు, "అత్తయ్యా, నకలు నోటు ఇస్తే మీరు తీసుకుంటారా?" అన్నాడు. అదీ నిజమే. తీసుకోను.

"ఆ ముక్కకి అర్థమేంటి బాబూ, ఐకానిక్ అంటే?" అన్నాను.

"చూడంగనే గుర్తువట్టేది" అన్నాడు ఒకడు. "ఒక కాలానికి గుర్తుగా నిలిచేది" అన్నాడు ఇంకొకడు. మనవరాలు లోపలినుంచి ఇంకేదో జర్మన్‌లో అరిచింది. ముగ్గురికీ మూడు అర్థాలుంటే నేనేం తేలుస్తాను?

అప్పుడు నాకు తట్టిన మాట అన్నాను. "నీకు పెద్దాయన ఇష్టం. ఇతనికి కుర్రాడు ఇష్టం. ఎవరిది వాళ్ళు తీసుకుంటే పోయింది కదా. గొడవెక్కడుంది?"

ఇద్దరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

"గట్ల ఎట్ల తీసుకుంట అత్తమ్మా? వీడు జిరాక్స్ అని పారేసింది నేను ఏరుకోవాల్నా? గొప్పదని ఒప్పుకుని ఇయ్యమనుండ్రి."

"నేనెందుకు ఒప్పుకుంటాను? వాడు బస్సు టికెట్ అన్నదాన్ని నేను దాచుకుంటే, నేను కండక్టర్ననా?"

అంటే ఇద్దరికీ కావలసింది దొరుకుతోంది. దొరికిన తీరు నచ్చలేదు. అవతలివాడు ఓడినట్టు చెప్పి ఇవ్వాలి. ఇలాంటి పంపకం నేనెక్కడా చూడలేదు. మా వైపు పొలం గట్టు దగ్గర కూడా ఇంత తెలివితక్కువగా కొట్టుకోరు. ఆ మాట పైకే అన్నాను. ఎవరూ నవ్వలేదు. స్నేహితుడు రెండు కార్డులూ బల్ల మీదే వదిలేసి, అన్నం తినకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

తరవాతి ఆదివారం గుమ్మంలో సైకిలు లేదు. ఆ పై వారం కూడా లేదు. అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పి, తిని, పడుకునేవాడు. "ఫోన్ చెయ్యి బాబూ" అంటే, "వాడు చెయ్యనీండి అత్తయ్యా" అనేవాడు. ఆ పిల్లాడు కెమ్నిట్జ్ వెళ్ళే రోజు దగ్గరపడింది. ఇలాగే వెళ్ళిపోతే ఇక రాడని నాకు భయం పట్టుకుంది.

నేనే ఫోన్ చేశాను. "నీకు అల్లుడితో గొడవ. నాతో కాదు కదా. భోజనానికి రా" అన్నాను. వచ్చాడు. అల్లుడితో మాట్లాడకుండా పళ్ళెం ముందు కూర్చున్నాడు. ఇద్దరూ తిన్నాక నేను చెప్పాను. "ఇది మీతో తేలదు. మా సంఘంలో చేసినట్టు చేద్దాం."

మా సంఘాల్లో కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దానం కార్డులిస్తారు. పళ్ళెంలో బోర్లించి తెస్తారు. ప్రార్థన చేసి ఒకటి తీసుకోవాలి. దాని మీద ఏ బైబిలు వాక్యం ఉంటే ఆ ఏడాదికి దేవుడు నీతో అన్న మాట అదే. బాగోలేదని తిరిగి పెట్టకూడదు. పక్కవాళ్ళతో మార్చుకోకూడదు. చాలా ఏళ్ళు నా కార్డు ఎవరో ఒకరు చదివిపెట్టేవారు. వాళ్ళు చదివింది నా వాక్యమో, వాళ్ళకి తోచిందో నాకేం తెలుసు? ఆ అనుమానం పడలేకే, యాభై దాటాక పాస్టరమ్మ గారి దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దాను. కాబట్టి ఆ కార్డంటే నాకు మామూలు కాగితం కాదు.

రెండు కార్డులనీ బల్ల మీద బోర్లించాను. ఇద్దరూ ఒక్కసారే, "అత్తయ్యా, తెలిసిపోతోంది" "అత్తమ్మా, ఎరుకైతుంది" అన్నారు. వీటి వెనక కూడా అచ్చుంటుందట. ఎన్ని ఆటలాడాడు, ఎన్నిసార్లు కొట్టాడు, అన్నీ. మా వాగ్దానం కార్డు వెనక తెల్లగా ఉంటుంది. సరే అని దిండు గలీబు తెచ్చి అందులో వేశాను. రెండూ ఒకేలాంటి గట్టి ప్లాస్టిక్ తొడుగుల్లో ఉన్నాయి కాబట్టి చేతికి తేడా తెలియదు. కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశాను. కళ్ళు తెరిచి చూస్తే స్నేహితుడు కూడా చేతులు జోడించుకుని ఉన్నాడు. ఏ దేవుడికో నేను అడగలేదు.

ముందు అతను చెయ్యి పెట్టాడు. నవ్వే కుర్రాడు వచ్చాడు. అల్లుడికి పసుపు బ్యాటు పెద్దాయన మిగిలాడు.

ఇద్దరూ చేతుల్లో కార్డులు తిప్పి చూసుకున్నారు. తరవాత అల్లుడి పెదవి మూల కదిలింది. స్నేహితుడికి నవ్వాగలేదు. "బస్సు టికెట్ నాకే వచ్చిందిరా" అన్నాడు. అల్లుడు కూడా నవ్వి పెద్దాయన్ని అతని వైపు జరిపాడు. స్నేహితుడు కుర్రాణ్ణి ఇటు జరిపాడు.

నేను రెండు చేతులూ అడ్డం పెట్టాను. "అదేం కుదరదు. ప్రార్థన చేసి తీశాం. చేతికొచ్చింది మార్చుకోకూడదు."

"అత్తయ్యా..."

"ఏమీ లేదు. ఎవరిది వాళ్ళు ఉంచుకోండి."

పెద్దదాన్ని కదా, ఎదురు చెప్పలేదు. నవ్వులు ఆగిపోయాయి. స్నేహితుడు కుర్రాణ్ణి చొక్కా జేబులో పెట్టుకుని, "వస్త అత్తమ్మా" అని వెళ్ళాడు. నాకు మాత్రం తగువు తీర్చానన్న తృప్తి.

అతను కెమ్నిట్జ్ వెళ్ళాడు. కొత్త ఊళ్ళో అన్మెల్డుంగ్, అదే ఆఫీసులో చిరునామా రాయించుకోవడం, అయిందో లేదో, ఇల్లు ఎలా ఉందో, ఏ కబురూ లేదు. అల్లుడు పెద్దాయన్ని టీవీ పక్కన నిలబెట్టి, అటు వెళ్ళినప్పుడల్లా ముఖం తిప్పుకునేవాడు. నేను న్యాయంగా తీర్చిన తగువు ఎందుకు తీరలేదో నాకు అంతుపట్టలేదు.

ఒకరోజు మనవరాలు బడి నుంచి వచ్చి ఫుట్‌బాల్ స్టిక్కర్లు నేల మీద పరిచింది. కట్టలోవి సగం లేవు, కొత్తవి ఉన్నాయి. "అవేమయ్యాయే?" అన్నాను.

"టౌషెన్ చేశా అమ్మమ్మా. మార్చుకున్నా."

"నీ చేతికొచ్చినవి ఎందుకు మార్చుకున్నావు?"

అది నా ముఖం చూసి, నాకోసం కష్టపడి తెలుగులో చెప్పింది. "అవి ఉండేదే దానికి కదా. మార్చుకోకపోతే ఫ్రెండ్స్‌తో ఏం చేస్తాం?"

సాయంత్రం మా అమ్మాయికి చెబితే అదింకా గట్టిగా అంది. "వాళ్ళే నవ్వుకుని మార్చుకుంటుంటే మధ్యలో నువ్వెందుకమ్మా అడ్డుపడ్డావు? అది దేవుడి కార్డా?"

మా కార్డు దేవుడికీ మనిషికీ మధ్య. వీళ్ళది మనిషికీ మనిషికీ మధ్య. ఇది నేను ముందే ఆలోచించాల్సింది. కానీ ప్రార్థన చేశాం కదా, ఆ ప్రార్థనని ఏం చెయ్యాలి? వెనక్కి తీసుకోవచ్చా? పాస్టరు గారిని అడుగుదామంటే, దిండు గలీబు సంగతి ఆయనకెలా చెప్పను?

తెగించి ఆదివారం ఆ పిల్లాడికి వీడియో కాల్ చేశాను. అల్లుడు సోఫాలోనే ఉన్నాడు, విననట్టు ఫోను చూసుకుంటూ.

"బాబూ, నేను చెప్పింది పొరపాటు. మీరు మార్చుకోండి. ఇతను పెద్దాయన్ని పంపుతాడు, నువ్వు కుర్రాణ్ణి పంపెయ్యి."

అతను పక్కనున్న బల్ల వైపు చూశాడు. తరవాత, "వద్దు అత్తమ్మా" అన్నాడు.

ఫోను దగ్గరగా పెట్టుకున్నాను. "ఇంకా కోపమా?"

"కోపం కాదు. ఈడ నాకు ఎవ్వలు తెల్వదు. పొద్దుగాల లేస్తే టేబుల్ మీద వీడొక్కడే నవ్వుతుంటడు. అలవాటైండు. వీడు ఎవ్వనికైనా ఎందుకు యాదుంటడో ఇప్పుడు సమజైంది. నిజం చెప్పాల్నంటే, ఐకానిక్ అంటే ఈ పోరడే."

సోఫాలోంచి అల్లుడు లేచాడు. "ఏంట్రా అన్నావు? ఇప్పుడంటావా ఆ మాట?" అంటూ నా చేతిలో ఫోను లాక్కున్నాడు. "ఇన్ని వారాలు ఈ పెద్దాయన్ని చూసి చూసి నాకు తెలిసింది. ఆ రంగులు, ఆ చూపు... ఆ కుర్రాడిది పాస్‌పోర్ట్ ఫోటో!"

"జిరాక్స్ అన్నది ఎవలురా?"

"జిరాక్స్ అయితే ఏం? క్యాలెండర్లో దేవుడు దేవుడు కాదా?"

"నకలు నోటు నువ్వు తీసుకుంటవా?"

మాటలు ఆనాటివే, నోళ్ళు మాత్రం మారాయి. ఎవరు ఎటు ఉన్నారో నాకు తల తిరిగింది. అల్లుడు పెద్దాయన్ని ఫోను ముందు పెట్టి ఊపుతున్నాడు. అటు తెర మీద కుర్రాడు ఊగుతున్నాడు. ఆదివారం పూట చప్పుడు చెయ్యకూడని ఈ ఊళ్ళో కింది వాటాలోని ఆవిడ పైకి వచ్చి బెల్లు కొట్టింది. తలుపు తీసి, నాకు వచ్చిన నాలుగు జర్మన్ ముక్కల్లో క్షమించమన్నాను. లోపల ఎవరైనా కొట్టుకుంటున్నారా అని ఆవిడ అడిగినట్టుంది. అవునని తలూపాను. తరవాత కాదని కూడా ఊపాను.

ఆవిడ నా వెనక్కి తొంగి చూసింది. అల్లుడు నవ్వుతూ అరుస్తున్నాడు, అరుస్తూ నవ్వుతున్నాడు. ఆవిడకి ఏమర్థమైందో తెలియదు, మెట్లు దిగి వెళ్ళిపోయింది. తలుపు దగ్గరగా వేసి, నేను అక్కడే నిలబడి వింటూ ఉండిపోయాను.